సైదులు లెక్క పట్టుకుని మూడు ఊళ్లు

ఉదయం ఆరుంపావుకి ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సెక్కాను. సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి గ్రాఫు, రెండోది యూనివర్సిటీ ఉత్తరం. సైదులు ఆగిపోయిన తన పీహెచ్‌డీని ఈ నెలాఖరులోగా మళ్ళీ మొదలుపెట్టొచ్చని అందులో ఉంది. రిటైరైన ముసలాణ్ణి, నాలుగు ఆఫీసుల్లో అరిచి, బతిమాలి తెచ్చాను.

సైదులు నా శిష్యుడు. గెలాక్సీ నడిమధ్యనున్న కృష్ణబిలం, అంటే బ్లాక్ హోల్, తన చుట్టూ ఉన్న వాయువును మింగుతుంటే, ఆ కేంద్రం ఎక్స్-కిరణాల్లో వెలుగుతుంది. మేము చూస్తున్న కేంద్రం ఒకటి కొన్ని నెలల్లోనే మసకబారింది. అడ్డంగా ఏదో మబ్బు వచ్చిందన్నాను నేను. "కాదు సార్, పొయ్యిలో కట్టెలే అయిపోతున్నయి" అన్నాడు సైదులు. మబ్బయితే బలహీనమైన కిరణాలే ఆగాలి, బలమైనవి దాటి రావాలి. రెండూ తగ్గాయని అతని లెక్క. ఉపగ్రహ టెలిస్కోపును వెంటనే అటు తిప్పించాలంటే గైడుగా నా సంతకం కావాలి. తొందరేముందని మూడు వారాలు నాన్చాను. ఈలోగా ఆ కేంద్రం మళ్ళీ వెలిగింది, రుజువు పోయింది. ఫెలోషిప్ అయిపోయి అతను ఊరు చేరాడు, సూర్యాపేటలో లెక్చరరయ్యాడని విన్నాను. ఏడేళ్ల తర్వాత, పోయిన నెల అది మళ్ళీ ఆరింది. ఈసారి సమయానికి చూసినవాళ్లకు అచ్చం సైదులు లెక్కే వచ్చింది. ఆ గ్రాఫే నా సంచిలో ఉంది.

ఎనిమిదీ ముప్పావుకి సూర్యాపేట. బస్టాండు పక్కన ఇడ్లీ తిని, అతను పనిచేసే కాలేజీకి ఆటోలో వెళ్లాను.

"సైదులు సారా? రెండేండ్ల కిందనే కోదాడకు పోయిండు. గీడ ఉండడు" అన్నాడు అటెండరు. చిరునామా మాత్రం రాసిచ్చాడు.

పదకొండుకు కోదాడ. తలుపు తీసిన సైదులు భార్య నన్ను చూడగానే, "మీరు హైదరాబాదు సారు కదండీ? ఫోటోలో చూసిన" అంది. గోడ మీద నేనూ సైదులూ కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాం. అతని స్థానంలో నేనుంటే ఆ ఫోటో ఏనాడో చింపేసేవాణ్ణి. ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ మీద అతను మిర్యాలగూడ వెళ్లాడట. ఆమె అన్నం పెట్టందే కదలనివ్వలేదు. పప్పు, చింతకాయ తొక్కు.

పన్నెండున్నర బస్సు. హుజూర్‌నగర్‌లో ఎక్కిన ఒకామె పక్కన కూర్చుని, "ఎవల కోసం పోతున్నవ్ పెద్దయ్యా?" అని అడిగింది.

"శిష్యుడి కోసం."

"ఏం తప్పు జేసిండు?"

"చేసింది నేను."

"అయ్యో! గట్లయితే జర ముందే పోవాలె గద" అంది.

రెండున్నరకు మిర్యాలగూడలో దిగాను. కాలేజీ వరండాలో నాలుగున్నర దాకా కూర్చున్నాను. సైదులు బయటికి వచ్చి, నన్ను చూసి కాళ్లకు వంగబోయాడు. "సార్! ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద!"

గ్రాఫు చేతికిచ్చాను. "నువ్వు చెప్పిందే నిజం. మబ్బు కాదు. తప్పు నాది, సైదులూ."

గ్రాఫు వంక చాలాసేపు చూశాడు. "పోనీ తియ్యి సార్" అన్నాడు మెల్లగా. ఉత్తరం కూడా ఇచ్చాను. చదివి, మడిచి, నా సంచిలోనే పెట్టాడు. మళ్ళీ గ్రాఫు తీసుకుని, కింద ఉన్న సమీకరణం మీద వేలుంచాడు.

"ఇది ఎవరు రాసిన్రు సార్?"

"నువ్వే. నీ పాత నోట్సులోదే."

తల పైకెత్తలేదు. "నాకు సమజైతలేదు సార్. ఏడేండ్లాయె. దినాం గవే పాఠాలు జెప్పి జెప్పి అంతా పోయింది. ఇగ నాతోని గాదు."

స్టేషన్‌కి అతనే బండి మీద దింపాడు. రైలుకింకా అరగంట ఉంది. టీ తాగుతూ, "ఒక్కసారి జెప్తరా సార్, అసలు నేనేం జేసిన్నో?" అన్నాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కాగితం పరిచాను. అతను మొదటి ఏడాది కుర్రాడిలా ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. రైలు వచ్చేసింది.

నల్లగొండ దాటినా కిటికీ నుంచి మొహం తిప్పుకోలేదు, ఎదుటివాళ్లు నా కళ్లు చూస్తారని. చాలా ఊళ్లు తిరిగినవాణ్ణి, ఇంత సిగ్గుతో ఎక్కడి నుంచీ తిరిగి రాలేదు. సైదులు లెక్కను సైదులుకే పాఠం చెప్పి వచ్చాను.