సుక్రు తేల్చని కేసు

మా సుక్రు ఏ వస్తువునైనా ముందు స్కాన్ చేస్తాడు, ఆ తరవాతే ముట్టుకుంటాడు. ఎడమ కన్ను మూస్తాడు, కుడి కణత మీద రెండు వేళ్లు ఆనిస్తాడు, మనసులో మూడు లెక్కపెడతాడు. ఇడ్లీ అయినా అంతే, ఇంజక్షన్ల పెట్టె అయినా అంతే. జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరుగారు చెయ్యి కలపబోతే ఆయన చేతిని కూడా స్కాన్ చేసేశాడు. ఆయన తన అరచేతిలో ఏముందా అని తిప్పి తిప్పి చూసుకున్నారు.

నేను చింతపల్లికి పైనున్న ఒక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. సుక్రు మా జీపు డ్రైవరు. కుర్రవాడేమీ కాదు. నలభై ఆరేళ్లు, తల సగం నెరిసింది, ఇద్దరు కూతుళ్లకి పెళ్లిళ్లు చేశాడు. ఘాట్ రోడ్డులో పొగమంచు ఎంత కమ్మినా జీపుని తోడేసిన పెరుగులా కదలకుండా నడుపుతాడు. ఇంత నిదానస్తుడికి ఈ ఒంటికన్ను మూసే రోగం ఎక్కడిదంటే, దానికంతటికీ కారణం ఒక ఇనప డిటెక్టివు.

ఎక్కడో పరాయి దేశంలో ఎవరో తయారు చేసిన కంప్యూటర్ ఆట అది. రెండు వందల ఏళ్ల తరవాత జరిగే కథట. ఎప్పుడూ వాన కురిసే పెద్ద పట్నం. అందులో వార్నెక్ అనే డిటెక్టివు. ప్రమాదంలో అతని ఎడమ చెయ్యీ కుడి కన్నూ పోతే డాక్టర్లు ఇనప చెయ్యి, యంత్రపు కన్ను అమర్చారు. ఆ కంటితో గోడకి అవతల ఏముందో చూసేస్తాడు. చింతపల్లిలో నెట్ సెంటర్ మూసేసినప్పుడు సుక్రు పాత కంప్యూటరొకటి కొని తెచ్చుకున్నాడు. ఈ ఆట అందులోనే ఉంది. కంప్యూటరు ఇంటికొచ్చింది, వార్నెక్ మాత్రం సుక్రు ఒంట్లోకి వచ్చాడు.

"రెండొందల ఏళ్ల తరవాతి పట్నం నీకెలా అర్థమవుతుంది సుక్రూ?" అని అడిగాను.

"అందులో ఏటుందండి సిస్టరమ్మా? ఎప్పుడూ వానే. ఎప్పుడూ కరెంటు పోతాది. రోడ్డు మీద గోతులు. మన సింతపల్లే అది."

వార్నెక్ గోడవతల చూస్తాడు గానీ సుక్రుకి గోడ ఇవతల కూడా ఏమీ కనిపించదు. ఒకసారి జీపు పంక్చరైంది. దిగకుండానే స్కాన్ చేసి, "మేకు దిగిందండి. ఎనక సక్రం. కుడిపక్క," అన్నాడు. దిగి చూస్తే ముందు చక్రం, ఎడమపక్క, గాజుపెంకు. ఇంకోసారి ఒక ఊళ్లో కోడిపెట్ట పోయిందంటే మూడిళ్లు స్కాన్ చేసి, పిల్లి మీద అనుమానం ప్రకటించి, చాలా గంభీరంగా మమ్మల్ని బయల్దేరదీశాడు. ఆ కోడి మా జీపులోనే వెనక సీటు కింద, టీకాల డబ్బాకి ఆనుకుని గుడ్డు పెట్టి కూర్చుంది. మేము దాన్ని రెండు శిబిరాలు తిప్పి తీసుకొచ్చాం.

ఆటలో కూడా అంతే అనుకున్నాను. ఒక వానాకాలం మధ్యాహ్నం కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే సుక్రు ఇంట్లోనే చిక్కుకుపోయాను. వాళ్లావిడ ఇచ్చిన కాఫీ తాగుతూ ఆఖరి కేసు చూశాను. పెద్ద ఆసుపత్రిలో ఖరీదైన మందు పోతుంది. వార్నెక్ ఊరంతా గాలించి దొంగని కనిపెడతాడు. తీరా చూస్తే ఆ దొంగ పూలమ్ముకునే ముసలావిడ. తెర మీద ఇంగ్లీషులో రెండు బొత్తాలు వచ్చాయి. పైది 'ఫైలు సమర్పించు', కిందిది 'ఫైలు మూసేయి'. సుక్రు తడుముకోకుండా కిందిది నొక్కాడు. తెరంతా ఎర్రబడి 'విఫలం' అని పడింది.

"అయ్యో, పైది నొక్కాలి సుక్రూ! నీకు ఇంగ్లీషు రాక ఓడిపోతున్నావు."

"అలగేనండి," అన్నాడు వినయంగా. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడిదాకా వచ్చి, మళ్లీ కిందిదే నొక్కాడు. నాలుగేళ్లుగా అలా ముప్పై ఒక్కసారి ఓడిపోయాట్ట. చదువు చెప్పడం నా వల్ల కాదని ఊరుకున్నాను.

ఇలాంటి డిటెక్టివుకి నిజమైన కేసు పోయిన మాఘమాసంలో వచ్చింది.

మేము గురువారాలు వెళ్లే ఊళ్లలో పనసగొంది ఒకటి. గూడెం కొత్తవీధి రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలి. జీపు ఆగీ ఆగకముందే అచ్చియమ్మ అనే పెద్దావిడ గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది.

"సిస్టరమ్మా, సెయ్యి పోనాదమ్మా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవరి చెయ్యి? ఎలా పోయింది?"

"మా కోడలుదమ్మా. ఉన్న సెయ్యి కాదు. నువ్విచ్చిన సెయ్యి."

ఆ కోడలు కనక. ముప్పై ఏళ్లుంటాయి. రెండేళ్ల కిందట చోళ్లు, అదే రాగులు, ఆడించడానికి వెళ్లి పిండిమర బెల్టులో ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోగొట్టుకుంది. గాయం కట్టినదాన్ని నేనే. ఆ తరవాత ఎన్నో ఉత్తరాలు రాసి, విశాఖపట్నంలో శిబిరానికి తీసుకెళ్లి, కృత్రిమ చెయ్యి పెట్టించినదాన్నీ నేనే. కుడిచేత్తో మీట లాగితే వేళ్లు మూసుకుంటాయి, బుట్ట మోయొచ్చు, కొమ్మ వంచి కాఫీ పండు కోయొచ్చు. కానీ కనక దాన్ని తొడుక్కోదు. నేను వెళ్లిన ప్రతి గురువారం కోప్పడేదాన్ని. తొడుక్కుని చూపించేది, నా జీపు మలుపు తిరగగానే తీసేసేది. ఇప్పుడది ఏకంగా మాయమైంది. ఇచ్చినవాళ్లు చైత్రమాసంలో చూడటానికి వస్తారు. వాడకంలో లేకపోతే వెనక్కి పట్టుకుపోతారు. అది పోతే కనక జన్మలో ఇంకో చెయ్యి నేను తేలేను.

సుక్రు జీపు తాళం జేబులో వేసుకున్నాడు. "కేసు," అన్నాడు.

ఇంటి కప్పు స్కాన్ చేశాడు. పొయ్యి స్కాన్ చేశాడు. కోళ్లగూడు చేశాడు. కుక్కని చేశాడు. కుక్క మొహమాటపడి లేచి అవతలికి వెళ్లిపోయింది. నేనూ అచ్చియమ్మా పెరట్లో కట్టెలు తిరగేస్తుంటే అతనొక్కడూ లోపలికి వెళ్లాడు. లోపల కనక ఒంటిచేత్తో మిరియాలు బాగు చేసుకుంటోంది. పది నిమిషాలకి బయటికొచ్చాడు.

"లేదండి సిస్టరమ్మా. కేసు తేల్లేదు. మూసీసాను."

"పది నిమిషాలకేనా?"

"పెద్ద ముఠా పనండి ఇది."

చుట్టూ చేరినవాళ్లు ఒకటే నవ్వు. "ఏటి డిటెక్టివో! సెయ్యే దొరకలేదు, దొంగేటి దొరుకుతాడు!" అన్నారెవరో. సుక్రు తల వంచుకుని జీపు ఎక్కాడు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఒక మనిషి చెయ్యి పోతే వేళాకోళమా అని దారి పొడుగునా దులిపేశాను. అతను గేర్లు మార్చుకుంటూ విన్నాడు.

ఆ తరవాత ప్రతి గురువారం నేను పిల్లలకి టీకాలు వేస్తుంటే అతను 'తనిఖీ' పేరుతో కనక ఇంటి అరుగు మీద చేరేవాడు. ఫోనులో వార్నెక్ బొమ్మలు చూపించి కథలు చెప్పేవాడు. చెయ్యి పోయిన మనిషి దగ్గర ఈ ఆటలేమిటని మళ్లీ దులిపాను. ఊరంతా అతన్ని చూసి నవ్వింది. 'సెయ్యి దొరికిందేటి డిటెక్టివా?' అని అడగని మనిషి లేడు. 'ఇంకా లేదు' అని అందరికీ అంతే గంభీరంగా జవాబు చెప్పేవాడు.

అది చాలదన్నట్టు ఫాల్గుణంలో రంగు డబ్బా పోయింది. జీపు బంపరుకి వెయ్యమని ఆఫీసువాళ్లు వెండిరంగు పంపారు. సుక్రు సగం బంపరుకి వేశాడు. మిగతా సగం తుప్పు తుప్పుగానే ఉంది.

"రంగేది సుక్రూ?"

"పోనాదండి."

"స్కాన్ చెయ్యలేదా?"

"సేసానండి. తేల్లేదు."

మా డాక్టరుగారు రాతపూర్వకంగా వివరణ అడిగారు. సర్కారు రంగు పోవడమంటే సామాన్యమా? జవాబు నేను రాసి పంపాలని హుకుం. రేపు రాస్తాను, ఎల్లుండి రాస్తాను అంటూ కోపంతో ఆ కాగితాన్ని పక్కన పడేశాను.

చైత్రం వచ్చింది. ఇటికల పండగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపి, థింసా ఆడి గానీ వదలరు. పనసగొంది మలుపులో మా జీపునీ ఆపారు.

థింసా చూసినవాళ్లకి తెలుసు. వరసగా నిలబడతారు. ఒకరి చెయ్యి ఇంకొకరి వెనకనుంచి పోయి ఆ అవతలి మనిషి చేతిని పట్టుకుంటుంది. ఒక్క చెయ్యి జారితే వరసంతా తెగుతుంది. కుడి కొసన నిలబడినావిడ అడుగులు చెప్పి వరసని నడిపిస్తుంది, ఎడమ చేత్తో వరసని పట్టుకుంటుంది. పనసగొందిలో ఆ కుడి కొస కనకది. ప్రమాదం జరిగాక రెండు పండగలు ఆమె గుమ్మంలో కూర్చుని చూసింది.

ఈసారి కుడి కొసన కనక ఉంది. ఎండలో ఆమె ఎడమ చెయ్యి తళతళా మెరుస్తోంది. వేళ్లు, అరచెయ్యి, మణికట్టు అంతా వెండిరంగు. నేను ఆ చేతిని చూశాను. మా బంపరుని చూశాను. మళ్లీ ఆ చేతిని చూశాను.

పక్కనున్నావిడ నవ్వుతూ అరుస్తోంది, "ఓలమ్మా! గట్టిగా పట్టీసింది, ఒగ్గట్లేదే ఈ ఇనప సెయ్యి!"

ఆట ఆగాక కనక నా దగ్గరికి వచ్చింది. చెయ్యి దాచుకోలేదు.

"ఎక్కడ దొరికింది కనకా?"

"పోతే కదమ్మా దొరకడానికి. నానే దాసాను, మిరియాల బుట్టలోన." తల వంచుకుంది. "దాని పాత రంగు సూసారు కదా, ఎవులో దొరసాని సెయ్యి తెగ్గొట్టి నాకంటించినట్టు. పోయిన పండగ ముందు రోజు తొడుక్కుని వరసలోకెళ్తే పక్కది ముట్టుకుని ఒగ్గీసింది. శవం సెయ్యిలాగుందంది. మరి నానెలాగ తొడుక్కుంటాను?"

తొక్క తీసిన బంగాళాదుంప రంగు తొడుగు అది. శిబిరంలో ఉన్నది ఆ ఒక్క రంగే. ఒంటికి నప్పుతుందా లేదా అని నేను ఒక్కసారీ చూడలేదు. కొలత సరిపోయిందా లేదా అన్నదే చూశాను.

"సుక్రన్న మొదటి రోజే కనిపెట్టీసినాడమ్మా. బుట్టలో సెయ్యెట్టాడు, బైటికి తీసాడు, నా మొకం సూసాడు. మళ్లీ అక్కడే ఎట్టీసి, మీదన మిరియాలు కప్పీసి ఎలిపోనాడు. తరవాత తరవాత ఆ బొమ్మలు సూపించీవోడు. ఈ డిటెక్టివు సెయ్యి సెయ్యిలాగ కనపడాలని సూడదు, ఇనపదే అని సెప్పుకుంటాది, నీ సెయ్యిదేం తప్పు లేదు, రంగుదే తప్పు అన్నాడు. నెలన్నర ఆలోసించాను. ఆకరికి నానే అడిగాను, మీ బండికేసిన ఆ రంగు తెస్తావేటి అని."

జీపు కదిలింది. సుక్రు వైపు తిరగకుండా కిటికీలోంచి కాఫీ తోటలు చూశాను.

"మొదటి రోజే తెలుసన్నమాట. నాకెందుకు చెప్పలేదు?"

సుక్రు మలుపు తిప్పేదాకా ఆగాడు. "సెప్తే మీరు ఆ సాయంత్రమే తొడిగించీసేవోరు కదండి."

నిజమే. తొడిగించేదాన్ని. తొడుక్కుని ఇంట్లో మూల కూర్చునేది.

"ఊరంతా నిన్ను చూసి నవ్వారు కదా?"

"నన్ను సూసి నవ్వుతుంటే ఆ కనక గుంట వైపు ఎవులూ సూడరు కదండి. సెయ్యేది, సెయ్యేది అని అందరూ నన్నే అడిగేవోరు. ఆ గుంటని ఒక్కలూ అడగలేదు."

అప్పుడు నాకు ఆ ఎర్రబడిన తెర గుర్తొచ్చింది. "అయితే ఆటలో కూడా కావాలనే కిందిది నొక్కుతున్నావా?"

"ఆ ముసలమ్మ మనవరాలి కోసం కదండి మందు తీసింది. వార్నెక్ పట్టిస్తాడేటి?"

"కానీ ఓడిపోయావని చూపిస్తోందిగా!"

"ఆటకేటి తెలుసండి," అన్నాడు సుక్రు.

తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని ఆ వివరణ కాగితం తీయడం. 'వెండిరంగు డబ్బా ఆచూకీ ఎంత గాలించినా తెలియలేదు. కేసు మూసివేయడమైనది' అని రాసి సంతకం పెట్టి, డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"సిస్టర్, దీని మీద అసలు విచారణ ఎవరు చేశారు?"

నేను ఎడమ కన్ను మూశాను. కణత మీద రెండు వేళ్లు పెట్టాను. మూడు లెక్కపెట్టాను.

"నేనే సార్," అన్నాను.