దంగువోలె మైనం

విల్నియస్‌లోని ఆ లేజరు ప్రయోగశాలలో అందరికీ ఒక నమ్మకం ఉండేది: దంగువోలె అతికించిన ముక్క కదలదు. సిలికాన్ పలకల్ని గాజు బిళ్ళలకు అతికించి లేజరు కిందకు పంపడం ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె పని. కొట్లో కొన్న మైనం ఆమెకు గిట్టదు. తన తేనెటీగల పెట్టెల్లోంచి తీసిన మైనాన్నే కరిగించి వాడేది. ఆ తేనె వాసనకు ఆ గదిలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ఆకలేసేది.

ఆ పలకల్ని కోసేది వైదోతాస్. ముప్పై నాలుగేళ్ళకే జుట్టు సగం రాలగొట్టుకున్న మనిషి. రెప్పపాటులో లక్ష కోట్లవ వంతు మాత్రమే వెలిగే లేజరు అతనిది. అంత తక్కువసేపట్లో పలకకు వేడి తగిలే వ్యవధి ఉండదు కనక, కోత పక్కన బిగువు, అంటే పలక లోపలి కనపడని లాగుడు, మిగలదని అతని వాదన. బిగువు మిగిలిన పలక ఇవాళ నిక్షేపంగా కనిపిస్తుంది, ఆరు నెలలకు ఎవరి యంత్రంలోనో చిట్లిపోతుంది.

నాలుగేళ్ళు చెమటోడ్చి తీరా కొలిస్తే, బిగువు బోలెడు. కోయని పలకను డబ్బాలోంచి తీసి కొలిస్తే ఏమీ లేదు. కోసినవాటిని గాజు బిళ్ళ మీద ఉండగానే కొలిస్తే, అరవై రెండూ ఒకే మాట చెప్పాయి.

"నా మొహానికి ఇంతే పిన్నీ," అనేవాడు.

"మొహానికేం, బాగానే ఉంది. ఆ జుట్టు సంగతే చూసుకో," అనేది దంగువోలె. ఆమె ఓదార్పు అలాగే ఉండేది.

జూన్‌లో ఒక శుక్రవారం ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. రెండింటికి వీడ్కోలు. వైదోతాస్ కూడా వెళ్ళిపోతున్నాడు. తన వాదన తప్పని ఒప్పుకుంటూ డైరెక్టరుకు ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రం అది పంపేసి, వచ్చే నెల కళ్ళజోళ్ళ కంపెనీలో చేరతాడు.

పొద్దున పదింటికి దంగువోలె తన బల్ల సర్దుకుంటూ, వైదోతాస్ కోసిన ముక్కల్లో ఒకదాన్ని గాజు బిళ్ళతో సహా, శుభ్రం చేద్దామని చేతిలోకి తీసుకుంది. అద్దంలా మెరిసే ఆ పలకలో కిటికీ ఊచలు వంకరగా కనిపించాయి. వేడి స్పిరిట్‌లో ముంచి మైనం వదిలించి మళ్ళీ చూసింది. ఊచలు తిన్నగా ఉన్నాయి. ఇంకొకటి వదిలించింది, ఇంకొకటి. మూడూ అంతే.

వెనకటి పలకలు మందంగా ఉండేవి, మైనం వాటినేమీ చేయలేకపోయింది. ఇప్పటివి వెంట్రుకంత పలచన. మైనం చల్లారి ముడుచుకుంటూ వాటిని కూడా లాగి వంచేస్తోంది. వైదోతాస్ ఇన్నాళ్ళూ కొలిచిన బిగువు లేజరుది కాదు.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే మూడు గంటలకు పూలగుత్తితో ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. కానీ రెండేళ్ళ కిందట తన తేనెటీగల్లో ఒక గుంపును ఆమె వైదోతాస్‌కు ఇచ్చింది. ఈగల్ని ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఆ దేశంలో చుట్టాల కింద లెక్క. చుట్టాన్ని ముంచి ఇంటికెళ్ళి ఆ ఈగల మొహం ఎలా చూడడం?

అయినా చెప్పే ధైర్యం చాల్లేదు. రెండింటికి కేకు కోశారు. డైరెక్టరు విర్గిలియుస్ గ్లాసు ఎత్తాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళలో దంగువోలె గారి చేతిలో ఒక్క ముక్క కూడా పాడవలేదు."

"అరవై రెండు పాడయ్యాయండీ," అంది దంగువోలె.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మైనం సంగతి మొత్తం చెప్పేసింది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు వైదోతాస్.

"పొద్దున పదింటికి."

"ఇప్పుడు రెండున్నర."

"అవును. నాలుగున్నర గంటలు దాచాను."

అతను మైనం వదిలించిన ముక్క పట్టుకుని కొలిచే యంత్రం దగ్గరకు నడిచాడు. కేకు పళ్ళేలతో సహా అందరూ వెనకే వెళ్ళారు. తెర మీద గీత ఒకటి లేచింది.

"ఇంకా ఉంది," అన్నాడు. అతను అంకె మళ్ళీ చూశాడు. "ఐదోవంతే ఉంది. ఇది నా లేజరుది పిన్నీ. మిగతాదంతా నీ మైనానిది."

అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం అందరి ముందూ బాహాటంగా ఏడ్చేసింది, సిగ్గుతో సగం, సంతోషంతో సగం.

"ఒక్క ముక్క చూపిస్తే ఎవరూ నమ్మరు," అన్నాడు వైదోతాస్, జేబులోని ఉత్తరం తీసి చింపుతూ. గొంతులో కోపం ఇంకా పోలేదు. "మిగిలిన యాభై తొమ్మిదీ ఊడదియ్యాలి. సోమవారం నుంచి నీ కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంటుంది."

"ఆ పిల్లకు వేరే కుర్చీ వెయ్యమను," అంది దంగువోలె ముక్కు చీదుకుంటూ. "నేను అంటించినవి నేనే ఊడదీస్తాను."