మెండే కళాసీ

మా ఆయన రంగూన్ రేవులో మూటలు మోసే రోజుల్లో, ఓడ అందక ఒంటరిగా మిగిలిపోయిన ఒక ఆఫ్రికా కళాసీని ఇంటికి తీసుకొచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి అతను "బువా" అన్నాడు. బువ్వ అడుగుతున్నాడనుకుని గబగబా అన్నం వడ్డించాను. తింటున్నంతసేపూ, ఓడ కూత వినబడినప్పుడల్లా లేచి నది వైపు చూసి వచ్చేవాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ "బువా" అన్నాడు. కంచం పెట్టబోతే నవ్వి, మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ అదే మాట అన్నాడు.

"ఓలమ్మో, పలకరింపా అది! ఏటి బాస బావూ నీది?" అన్నాను.

ఛాతీ మీద చెయ్యేసుకుని "మెండే" అన్నాడు.

ఆ భాషలో బదులు పలికేవాళ్లెవరూ మాకు తెలిసి అక్కడ లేరు. తనలో తానే మాట్లాడుకుంటూ వాకిట్లో తిరిగేవాడు. నాలుగోనాడు ఇంకో ఓడలో బొగ్గు వేసే పని దొరికిందని తెలియగానే, చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా పరుగెత్తాడు.