గుట్ట మోయలేని మంద

2023 ఎండాకాలం. వనపర్తి జిల్లా పాన్‌గల్ దగ్గర ఒక పల్లె పశువుల దవాఖానలో నేను డాక్టరుగా ఉన్నాను. ఒక మధ్యాహ్నం కుర్మయ్య ఫోన్ చేశాడు.

"గొర్లు నిలవడ్డకాన్నే కూలుతున్నయ్ డాక్టరమ్మా. ఏం రోగమో తెల్వదు. జర జల్ది రా."

కుర్మయ్యది తాతల నాటి నుంచి గొర్రెలు కాసే ఇల్లు. చుట్టుపక్కల అతనిదంత పెద్ద మంద లేదు. కనిపించిన వాళ్లందరికీ దాన్ని చూపించి మురిసిపోయేవాడు.

అంటురోగమేమోనని భయపడుతూ వెళ్లాను. జ్వరం లేదు, విరేచనాలు లేవు. గొర్రె నడుము మీద వేళ్లతో నొక్కి ఒంట్లో కండ ఎంతుందో అంచనా కడతాం, దాన్ని బాడీ కండిషన్ స్కోర్ అంటాం. దేన్ని ముట్టుకున్నా ఎముకే తగిలింది. చచ్చిన ఒక గొర్రెకు అక్కడే పోస్ట్‌మార్టం చేశాను. కిడ్నీల చుట్టూ తెల్లగా, గట్టిగా ఉండాల్సిన కొవ్వు కరిగి జిగురులా జారిపోతోంది. పొట్టలో ఎండు పుల్లలు, మట్టి, ప్లాస్టిక్ కవర్ల ముక్కలు ఉన్నాయి.

"ఏం రోగమమ్మా?"

"రోగం కాదు కుర్మన్నా. ఆకలి."

"ఆకలేంది? పొద్దుగాల్నుంచి పొద్దూకేదాంక మేపుతున్న గద! సూది ఎయ్యి, తగ్గుతది."

ఆకలికి వేసే సూది నా సంచిలో లేదని చెప్పాల్సి వచ్చింది.

మా చదువులో క్యారీయింగ్ కెపాసిటీ అనే మాట ఒకటుంది. ఒక నేల తాను పాడవకుండా ఎన్ని ప్రాణాలను మేపగలదో, ఆ హద్దు. అది దాటితే గడ్డి వేళ్లతో సహా పోతుంది, హద్దు మరింత కిందికి దిగుతుంది. కాలువ నీళ్లొచ్చాక ఆ ఊరి బీళ్లన్నీ వరిమళ్లయ్యాయి. మందను దిగనిచ్చే చేను లేదు. మిగిలింది ఊరి వెనక గుట్ట ఒక్కటే. నీళ్లొచ్చాయని సంబరపడినవాళ్లలో కుర్మయ్య కూడా ఉన్నాడు పాపం. మంద మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. వాళ్లింట్లో పొట్టేళ్లనే సంతకు తోలుతారు, ఈనే గొర్రెను కత్తికి ఇవ్వరు. బీళ్లున్న కాలంలో ఆ పద్ధతే వాళ్లకు అన్నం పెట్టింది.

"వానలు పడేలోపు సగం అమ్మెయ్ కుర్మన్నా. మిగతా సగమన్నా దక్కుతది," అన్నాను.

"పెంచుకునెటోళ్లయితే ఇస్త. గీ ఎండల ఎవరు కొంటరు? కటికోడే కొంటడు. నా చేతులల్ల పుట్టినయ్, నా చేతులల్ల ఈనినయ్. ఎట్ల తోలాలె?"

అతని భార్య బాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అన్నీ సస్తే గప్పుడేం జేస్తవ్? డాక్టరమ్మ మాట ఇనరాదు!"

అతను వినలేదు. నాకు ఒళ్లు మండింది, మొండిఘటమని లోపల తిట్టుకున్నాను. అంతలో ఒక చూలుగొర్రె తూలుతూ వచ్చి, నేల మీద కూర్చున్న అతని భుజం మీద మూతి ఆనించింది. నా కోపం నిలవలేదు. ఆ తర్వాత అతను దొరికిన చెట్టల్లా ఎక్కి కొమ్మలు కొట్టి మేపుతున్నాడని విన్నాను.

మొదటి వాన జోరుగా పడింది. ఎండలకు ఓర్చుకున్న గొర్రెలు ఆ చలిగాలికి ఓర్చుకోలేకపోయాయి. కొవ్వు లేని ఒంట్లో వేడి నిలవదు. తెల్లారి నేను వెళ్లేసరికి గుట్ట కింద గొర్రెలు తడిసిన గొంగళ్లు పారేసినట్టు పడి ఉన్నాయి. సగానికి పైగా పోయాయి. బాలమ్మ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. డాక్టర్లు ఏడవకూడదంటారు. నేను ఏడ్చాను.

బతికినవాటికి మందులిస్తూ కొన్నాళ్లు తిరిగాను. గుట్ట మీద పచ్చిక లేచింది. మిగిలిన కొద్దిపాటి మంద తలలు దించి మేస్తుంటే కుర్మయ్య చాలాసేపు చూశాడు.

"గిప్పుడు వీటికి మేత సాలుతదా, డాక్టరమ్మా?"

"సాలుతది కుర్మన్నా," అన్నాను.

మంద హద్దు దాటినప్పుడు తగ్గించే పని మనిషి చేయకపోతే నేలే చేస్తుంది. మనిషయితే ఏది ఉండాలో ఏది పోవాలో చూసుకుంటాడు. నేల చూసుకోదు, దాని చేతిలో చూలుగొర్రెలే ముందు పోయాయి. అందుకే ఇప్పుడు ఏ కాపరి కొత్తగా పుట్టిన పిల్లలను చూపించి మురిసినా, మేత ఎక్కడుందని అడుగుతాను. "పిల్లలు పుట్టినకాడ గదేం మాటమ్మా," అని ముఖం ముడుచుకుంటారు. అయినా అడుగుతాను.