ఎన్ని దెబ్బలకు జానెడు?

ఇశ్రాయేలు మేస్త్రి ఏ నేలనూ కొట్టి చూడకుండా నమ్మడు. కొత్త ఇంటికి వెళితే అందరూ చెప్పులు విడుస్తారు, ఆయన సలాక దింపుతాడు. నిలువెత్తు ఇనుప సలాక, దాని మీద జానెడు జానెడుకూ ఒక గాటు, నడిమధ్యన ఒక ఇనుప కట్టు. తాలీమ్‌ఖానాలో పహిల్వాన్లు కసరత్తుకు వాడి, పిడి విరిగాక పారేసిన రాతి చక్రాన్ని ఆ సలాకకు తొడిగాడు. చక్రాన్ని ఎత్తి వదిలితే కట్టు మీద దబ్బున పడుతుంది, సలాక నేలలోకి దిగుతుంది. జానెడు దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే ఆ నేల యోగ్యత అంత. పది దాటితే ఇల్లు కట్టుకోవచ్చు, అయిదు లోపైతే మేకను కూడా కట్టేయొద్దు అనేవాడు.

పేట్లబురుజు వెనక మా గల్లీలో ఆయన కొట్టని చోటు లేదు. పెంటయ్య కూతురి పెండ్లిలో పందిట్లోకి సలాకతో వచ్చి, పెండ్లికొడుకు పీట పక్కన కొట్టి, "నాలుగే" అని పెదవి విరిచాడు. మగపెండ్లివారు అది మా ఆచారం కాబోలనుకొని, కిక్కురుమనకుండా లేచి పీట జరుపుకున్నారు.

రాను రాను మనుషులకూ అదే కొలత పెట్టాడు. మాట మీద నిలబడని మా మేనమామ మూడు దెబ్బల మనిషి. పాలలో నీళ్లు కలపని దుర్గయ్య పద్దెనిమిది. మా అమ్మ మాణిక్యమ్మ సంగతి అడిగితే మాత్రం ఇటూ అటూ చూసి, ఇంకా కొట్టి చూసే ధైర్యం రాలేదనేవాడు.

అది బీహార్‌లో భూకంపం వచ్చిన ఏడు. ఆ వార్త పేపర్లో చదివి ఆయనకు వినిపించిన పాపం నాదే. భూమి కదిలితే ముందుగా కూలేవి పూడిక మన్ను మీది ఇళ్లేనని, ఇరవై ఆరేండ్ల కింద మూసీ పొంగిపోయాక మన గల్లీలో సగం చెత్తాచెదారంతో పూడ్చిన గుంతలేనని ఇంటింటికీ తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన సలాక చప్పుడు వింటే చాలు, జనం తలుపులు వేసుకునేవారు.

ఆ ఏడే మేం వాకిట్లో కొత్త ఇల్లు తలపెట్టాం. పెట్టక తప్పదు. పాత ఇంటి పడమటి మట్టిగోడ కడుపు ఉబ్బి ఉంది, ఇంకో వానాకాలం ఆగేలా లేదు. నా భార్య ఆండాలుకు ఎనిమిదో నెల. అధికమాసం వచ్చి ముహూర్తాలన్నీ వెనక్కి పోయాయి. వైశాఖం చివర ఒకటి మిగిలింది, అది తప్పితే మళ్లీ శ్రావణమే. ముహూర్తానికి ముందు నేల మీద ఇనుము పడకూడదని అమ్మ పట్టుదల. మేస్త్రి సలాకతో వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోంచే తిప్పి పంపింది.

ముహూర్తం నాటి పొద్దున అయ్యగారు ఈశాన్యం మూల పూజ ముగించి నన్ను గడ్డపార అందుకొమ్మన్నారు. నేను వంగేలోపే మేస్త్రి వచ్చి ముగ్గు నడుమ సలాక నిలబెట్టాడు.

"ఇనుము వడే యాళ్లయింది గదక్కా. నాదే ముందు వడనియ్యి."

ఒక్క దెబ్బకు జానెడు పోయింది. మేస్త్రి ముఖం పాలిపోయింది. సలాక పట్టుకొని ముగ్గులోనే చతికిలబడ్డాడు. ముహూర్తం దాటడానికి ఇంకా పావుగంటే ఉందని అయ్యగారు తొందరపెట్టారు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, రెక్క పట్టి లాగాను. ఆయన కదలలేదు. అమ్మ కొంగు నడుముకు చెక్కి ముందుకొచ్చింది.

"లే మేస్త్రీ. వానలు నెత్తి మీదున్నయి. నా కోడలు ఆ గోడ కింద కనాల్నా?"

"ఈడ కడితే నీ మనుమడు దీని కింద పెరగాలె. గది సూడక్కా."

"నీ చెయ్యి బరువు. నేను కొడ్త, సూస్కో."

అమ్మ రెండు చేతులా రాతి చక్రం ఎత్తి వదిలింది. సలాక మూరెడు దిగింది. మళ్లీ వదిలింది. కట్టు వచ్చి నేలకు తగిలింది. గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. అది నేల కాదని, వరదప్పుడు పూడ్చిన బావి అని మేస్త్రి మెల్లగా చెప్పాడు. బావి ఎంత వెడల్పో తేలాలంటే వాకిలంతా కొట్టాలి, దానికి రెండు రోజులు పడుతుంది. అయ్యగారు పంచాంగం మూశారు.

నిజం చెప్పినంత మాత్రాన వానలు ఆగవు కదా. అమ్మ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనేమో, తన ఇంట్లో జాగ లేదని చెప్పి, పని చేసిన చోటల్లా మిగిలిన బండరాళ్లను మోసుకొచ్చి మా పడమటి గోడ పక్కన పడేసేవాడు. ముహూర్తం చెడగొట్టింది చాలక ఇంటిని రాళ్ల గని చేస్తున్నాడని అమ్మ గోడతో చెప్పుకునేది. ఆయన తల వంచుకొని ఇంకో రాయి పెట్టి పోయేవాడు.

ఆషాఢంలో కొడుకు పుట్టాడు. తొమ్మిదోనాడు మొదలైన వాన మూడు రోజులైనా వదల్లేదు. మూడోనాటి మధ్యాహ్నం గోడలోంచి కట్టె విరిగినట్టు చప్పుడైంది. అమ్మ పసివాడిని, నేను ఆండాలును పట్టుకొని వానలోకి పరుగెత్తాం. మా కళ్ల ముందే గోడ బయటికి ఒరిగింది. గోడ రాళ్ల కుప్ప మీద భుజం ఆనించి, అక్కడే ఆగిపోయింది. కప్పు దిగలేదు.

అప్పుడు గమనించాను. కింద పెద్ద రాళ్లు, పైన చిన్నవి, కుప్ప సరిగ్గా గోడ ఉబ్బిన ఎత్తు దాకా పేర్చి ఉంది.

మేస్త్రి గోనెసంచి నెత్తిన వేసుకొని ఉరికి వచ్చాడు. మమ్మల్ని లెక్కపెట్టుకొని, తర్వాత గోడను చూశాడు. అమ్మ ఆయననే చూస్తూ అడిగింది.

"జాగ లేకనేనా ఈడ వెట్టినవు?"

"అవునక్కా. మా ఇంట్ల జాగేడిది?"

ఆ వాన తగ్గేదాకా మమ్మల్ని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఒంటిగది ఇల్లే, దాని వెనక మాత్రం ఇద్దరు పహిల్వాన్లు కుస్తీ పట్టేంత పెరడు ఖాళీగా పడి ఉంది. అమ్మ దాన్ని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసింది. మర్నాడు పొద్దున్నే ఆయనకు మొదటి చాయ్ తానే చేసి ఇచ్చింది.

శ్రావణంలో బావిని వదిలేసి, నాలుగు మూరలు లోపలికి జరిగి ముగ్గు వేశాం. అయ్యగారు ముహూర్తం దాటిపోతోందని గొణుగుతున్నారు. రాతి చక్రం అమ్మ చేతుల్లో ఉంది. పసివాడు మేస్త్రి భుజం మీద నిద్రపోతున్నాడు.

"జర ఆగు అయ్యగారూ, ఇప్పటికి పదమూడే అయినయి" అంది అమ్మ. "జానెడింక దిగలే."

మేస్త్రి నా చెవి దగ్గరికి వంగి, మీ అమ్మకైతే సలాకే దిగదు తమ్మీ అన్నాడు.