అక్క ఇంటి దోనె

ఈ వానాకాలం మహబూబ్‌నగర్‌లో మేముంటున్న కిరాయి ఇంటి స్లాబు మీద నీళ్లు నిలిస్తే, నీళ్లు దిగే గొట్టం పూడిందో పగిలిందో ఎట్లా తెలుస్తుందని యజమాని నన్నడిగాడు. జవాబు తెలిసి కూడా చెప్పలేక మెట్లు దిగి వచ్చేశాను. మట్టి మిద్దెలు ఎరిగిన నా ఈడువాళ్లకు తప్ప ఇది ఇంకెవరికి చెప్పుకోను?

మన రాష్ట్రం వేరుపడిన కొత్తలో, ఆలంపూర్ దగ్గరి ఒక పల్లెలో, బావ పోయాక మా అక్క ఒక్కతే మట్టి మిద్దెలో ఉండేది. అలాంటి ఇళ్లకు, పైన పడ్డ వాననీటిని గోడకు దూరంగా వీధిలోకి పారబోసే రేకు దోనె ఒకటి ఉంటుంది. ఆ ఏడు తొలి వానలకు దోనె కింది గోడ మీద, లోపలివైపు, మనిషంత తడి మరక లేచింది. దానికి తలా భుజాలూ ఉన్నాయని, అమ్మవారే వెలిసిందని పక్కింటామె అన్నదట. మర్నాటికి పసుపు కుంకుమలు పడ్డాయి, ఆ మూలన ఎవరూ మిద్దె ఎక్కకూడదని కట్టడి వచ్చింది. అక్క తన మంచాన్ని ఆ గోడ పక్కకే జరుపుకున్నది.

ఊరూరా తిరిగి పూనకాలూ బాబాలూ మోసమని ఉపన్యాసాలిచ్చే బడిపంతులును నేను. సంగతి తెలియగానే బస్సెక్కాను. దోనె బాగుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మిద్దె మీద కడివెడు నీళ్లు పోస్తే కడివెడూ వీధిలో పడాలి. నిలిచి నిలిచి వస్తే చెత్త అడ్డుపడినట్టు, చేత్తో తీస్తే చాలు. ధార సన్నబడి గోడ నల్లబడితే దోనె మొదలు దగ్గర పగిలినట్టు, అతుకు వేయాల్సిందే. అది నేనొక్కణ్ణే ఒక్క కడవతో తేల్చుకోగలిగిన పని. కానీ నిజం తేలడం నాకు చాలలేదు, ఊరు ఒప్పుకోవాలి.

అందరినీ పిలిచి కడవ మీద కడవ పోశాను. పోసిన కొద్దీ లోపల మరక పెరిగింది.

"చూసిన్రా? మీ అమ్మవారు నా నీళ్లతోని పెరుగుతాంది" అన్నాను.

"గట్ల ఎక్కిరియ్యకు సారూ, తల్లి ఇంటాంది" అన్నది పక్కింటామె.

లోపలినుంచి అక్క గొంతు వినబడింది. "ఇంక సాలు తమ్మీ, గోడ మెత్తవడ్డది."

ఆ రోజు గోడను చేత్తో తాకి మాట్లాడింది ఆమె ఒక్కతే. నేను ఇంకో రెండు కడవలు పోశాను. నలుగురైదుగురు తలలూపారు. గెలిచాను. సాయంత్రం మహబూబ్‌నగర్‌లో సభ ఉంది. రేకు పనివాణ్ణి పిలిపించి అతుకు వేయించుకొమ్మని చెప్పి బస్సెక్కాను. మంచం జరుపుకొమ్మని చెప్పాలని నాకు తోచలేదు.

తెల్లవారి వాన పడింది. నానిన గోడ మంచం మీదికి ఒరిగింది.

నడుము విరిగి అక్క దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నది. మాట్లాడగలిగినప్పుడల్లా ఒకటే అడిగింది. "నా ఫికర్ లేదు తమ్మీ, తల్లి కోపం నీ మీదికి రావద్దు. నా కోసమన్న ఒక్క టెంకాయ కొట్టు." నేను కొట్టలేదు. ఆమె మంచం పక్కన కూర్చొని, దోనె ఎక్కడ పగిలిందో, నీళ్లు గోడలోకి ఎట్లా దిగాయో మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఆమె కళ్లు మూసుకొని విన్నది. పదో రోజు లేదు.

ఇప్పుడు ఆ పల్లెలో అన్నీ స్లాబు ఇళ్లే. మట్టి మిద్దెలు పోయాయి, వాటిని ఏటేటా చూసుకునే చేతులూ పోయాయి. అక్క ఇల్లున్న జాగాలో చిన్న గుడి కట్టారు. నమ్మనివాడు నీళ్లు పోసి ఎగతాళి చేస్తే, తల్లి గోడ కూల్చి వాని అక్కను తీసుకుపోయిందని అక్కడ పిల్లలకు చెబుతారట. నా దగ్గర చదువుకున్న కుర్రవాళ్లు, సారూ, మీరొచ్చి ఒక్కసారి మాట్లాడితే ఆ కథ ఆగిపోతుందని అడుగుతారు. ఆగిపోతుంది, నిజమే. కూల్చింది అమ్మవారు కాదు, నేను అని ఆ జనం ముందు నిలబడి చెబితే చాలు. ఎన్నో ఊళ్లలో మాట్లాడాను కానీ, ఆ ఊరికి మాత్రం ఇంతవరకూ పోలేకపోయాను.