గెడ్డ మీద బోర్డు వారి దూలాలు

మా దుకాణం అరకు కొండల్లో, పొలం కొండ దిగువన శృంగవరపుకోట దగ్గర. మా ఆయన పోయాక రెండూ నేనే చూసుకున్నాను. పొలానికి పన్ను కట్టేదాన్ని కాబట్టి, రోడ్లూ వంతెనలూ వేసే తాలూకా బోర్డు ఎన్నికల్లో నాకూ ఓటుండేది. కొండ మీద ఇరుగుపొరుగుకి లేదు. అక్కడ బోర్డూ లేదు. ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసే ముఠాదారు, ఆయన పైన సర్కారు వారి ఏజెంటు దొర, అంతే. నేను దిగువన ఓటరుని, ఎగువన ఎవరినీ కాను.

రెంటికీ మధ్య గెడ్డ, పెద్ద కొండవాగు. ఉప్పు దిగువ నుంచి ఎద్దుల మీద జోడు సంచుల కంట్లాలేసి తేవాలి. వానలు పడ్డాయంటే గెడ్డ దాటేసరికి సగం నీళ్ళపాలు. సంతలో ఉప్పు లేకపోతే నేను దుకాణం మూసుకోవాలి, కొండోళ్ళు చప్పిడి అంబలి తాగాలి. ఆ ఏడు వానలకి ముందే వంతెన పడాలని పట్టుబట్టాను.

ఓటడగడానికొచ్చిన పెద్దమనిషితో అదే అన్నాను.

"వేయిస్తానమ్మా."

"ఎలా వేయిస్తారు బాబూ?"

ఓపిగ్గానే చెప్పాడు. మెంబర్లంతా కూర్చుని తీర్మానం చెయ్యాలి, ఓవర్సీరు కొలవాలి, ప్రెసిడెంటు సంతకం పెట్టాలి, ఆ తర్వాత కంట్రాక్టు. నేను చదివింది రెండో క్లాసే అయినా బోధపడింది. మనం కట్టిన పన్ను మనం పంపిన మనుషుల చేతుల మీదుగా తిరిగి రావాలి. ఓటేశాను. గెలిచి మెంబరయ్యాడు.

చైత్రంలో ఓవర్సీరుని వెంటబెట్టుకొచ్చాడు. దిగువ గట్టు కొలిచి ఆపేశారు. అవతలి గట్టు ఏజెంటు దొర ఏలే ఏజెన్సీదట, బోర్డు డబ్బు అక్కడ పెట్టకూడదట.

"సగం వంతెన మీంచి ఎద్దు ఎగురుతాదేటి బాబూ?" అన్నాను. ఇద్దరూ కొండ మీద సంత చూసొద్దామని గెడ్డ దాటి ఆ దారి పట్టారు. వెనకే నేనూ నడిచాను.

కొండ మీద అప్పుడు ఇటుకల పండగ, అంటే వేట పండగ. మగాళ్ళు వేటకి పోతారు. ఆడోళ్ళు దారికడ్డంగా తాడు పట్టి, వచ్చే పోయే వాళ్ళ దగ్గర డబ్బులు పుచ్చుకుంటారు. ముఠాదారైనా ఇవ్వకుండా దాటకూడదు. నేను వదినా అని పిలిచే మా పొరుగావిడ తాడు కొస పట్టుకునుంది. మెంబరు అణా తీశాడు.

"అణా పుచ్చుకోకు వదినా, దూలాలడుగు," అన్నాను.

ఆవిడ వెంటనే అందుకుంది. "దూలాలియ్యి బాబూ. ఈ గట్టున రాళ్ళు మావోళ్ళు పేరుస్తారు."

"ఇక్కడ నాకు అధికారం లేదమ్మా!"

"నీకు నేదు, మాకుంది. తాడు ఎవలి సేతిలో ఉందో సూడు."

ఆడోళ్ళు గొల్లుమన్నారు. ఓవర్సీరు మెల్లిగా అన్నాడు: "దూలాలు మన గట్టు నుంచే వేస్తామండీ. కొసలు ఎటు ఆనినా మన డబ్బు అవతల పెట్టినట్టు కాదు." పంపిస్తానని మెంబరు అందరి ముందూ మాటిచ్చాకే తాడు దిగింది.

వేట నుంచి వచ్చిన మగాళ్ళు రాళ్ళు పేర్చారు. తీర్మానం, సంతకం అయ్యి దూలాలు తొలకరికి కాస్త ముందు వచ్చాయి, వంతెన పడింది. ఆ వానల్లో నా ఉప్పు పొడిగా కొండెక్కింది.

మరుసటేడు బోర్డు వారు వంతెన దగ్గర టోలుగేటు పెట్టారు. ఎద్దుకింత, మనిషికింత. నాకు ఒళ్ళు మండింది. వదిన ఆ గేటు కర్ర చూసి, "మేం పండగనాడే అడ్డం కడతాం. మీ బోర్డుకి రోజూ పండగేనేటి?" అంది.

మళ్ళీ ఓటడగడానికి ఆ పెద్దమనిషే వచ్చాడు. నెత్తిన బుట్టతో దిగే కొండ ఆడదాన్ని టోలు పుచ్చుకోకుండా వదిలితేనే ఓటన్నాను. మళ్ళీ తీర్మానం, మళ్ళీ సంతకం. వదిలారు. నా ఎద్దులకి మాత్రం నేను కడుతూనే వచ్చాను.